బోటు ఇంజను బరువు ఎవరు మోయాలి? ట్రాలీ మీద పడవ, మన భాషలో లేని హెచ్చరిక

తీరంలోని మన మత్స్యకార కుటుంబాల పడవలు సముద్రం మీదే కాదు, నేల మీద కూడా ప్రయాణం చేస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో పడవను ఒడ్డుకు దూరంగా లాగి పెడతారు. మరమ్మతు ఉంటే పట్నం దాకా తీసుకెళ్తారు. తుఫాను హెచ్చరిక వస్తే ఇక చెప్పనక్కర్లేదు, ఒక్క పూటలో ఊరి పడవలన్నీ నేల మీదికి ఎక్కాలి. గంజాం జిల్లా వాళ్ళం 2013 అక్టోబర్ 12న ఫైలిన్‌ని చూశాం. పూరీ పెంటకటలోని మన వాళ్ళు 2019 మే 3న ఫొనిని చూశారు. 2025 అక్టోబర్ 28న మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు యానాం వాళ్ళు ఆ రాత్రంతా మేలుకునే ఉన్నారు.

ఇన్నిసార్లు జరిగే ఈ నేల ప్రయాణం గురించి మన సంఘాలు ఎన్నడూ మాట్లాడలేదు. సముద్రంలో ప్రమాదం జరిగితే పేపర్లో వస్తుంది. ఒడ్డు మీద ట్రాక్టర్ వెనుక వస్తున్న పడవ నుంచి ఇంజను ఊడి రోడ్డు మీద పడితే అది ఆ కుటుంబం అప్పుల పుస్తకంలో మాత్రమే వస్తుంది. ఆ ఇంజను ఎలా మోయాలి, దాన్ని మోయడానికి చేసిన సూచనలు మన వాళ్ళకు ఎందుకు అందడం లేదు అన్నదే ఈ వ్యాసం.

తెప్ప పోయి ఇంజను వచ్చింది

"మా నాన్నల కాలం నుంచి లాగుతున్నాం, ఏమీ కాలేదు" అని పెద్దవాళ్ళు అంటారు. అది నిజమే. అయితే నాన్నల కాలంలో ఉన్నది తెప్ప. కట్లు విప్పి, దుంగలు విడివిడిగా మోసుకుని ఇసుక ఎక్కించేవారు. దానికి ఇంజను లేదు, ఊడిపడేది ఏమీ లేదు. ఇప్పుడున్నది ఫైబర్ బోటు. దాని వెనుక పలకకు బిగించిన అవుట్‌బోర్డ్ ఇంజను ఉంది. పది హార్స్‌పవర్ స్థాయి ఇంజను సుమారు 40 కిలోలు తూగుతుంది. నలభై హార్స్‌పవర్ ఇంజను 70 కిలోలు దాటుతుంది. నాలుగు స్ట్రోకుల వంద హార్స్‌పవర్ ఇంజను 150 కిలోల పైమాటే. వేట బోట్లకు చిన్నవే ఎక్కువ, పెద్దవి పర్యాటక బోట్లకు, రక్షణ బోట్లకు బిగిస్తారు.

ఈ బరువంతా పడవ వెనుక పలక ఒక్కటే మోస్తుంది. మెకానిక్కులు దాన్ని ట్రాన్సమ్ అంటారు. నీళ్ళలో ఇంజను ముందుకు తోసే బలాన్ని తట్టుకునేలా ఆ పలకను తయారు చేస్తారు. నీటి మీద పడవ ఊగినా నీరే కొంత అదురును తీసుకుంటుంది. రోడ్డు అలా కాదు. గోతిలో చక్రం పడ్డ ప్రతిసారీ ఆ అదురు నేరుగా పలక మీదికి వస్తుంది.

లివర్ చేసే పని, చేయని పని

మన దగ్గర మామూలుగా జరిగేది ఇది. ఇంజను కిందికి ఉంటే ఫ్యాను, దాని కింద ఉన్న రెక్క నేలకు రాసుకుంటాయి. అందుకని ఇంజనును వెనక్కి ఎత్తి, పక్కనున్న చిన్న లివర్‌ను వేస్తారు. ఇంజను ఎత్తిన చోటే నిలబడుతుంది. "లాక్ పడింది, పోనీ" అంటారు. ట్రాక్టర్ కదులుతుంది.

ఆ లివర్ లాక్ కాదు. లోతు తక్కువ నీళ్ళలో పడవ నిలిపినప్పుడు ఫ్యాను ఇసుకకు తగలకుండా ఇంజనును ఎత్తి ఉంచడానికి పెట్టిన ఆధారం అది. నిలకడగా ఉన్న పడవలో అది బాగా పనిచేస్తుంది. కదిలే ట్రాలీ మీద దాని మీద ఆధారపడకూడదు. అదురుకు అది జారితే ఇంజను మొత్తం ఒక్కసారిగా కిందికి కొట్టుకుంటుంది. యమహా సంస్థ తన ఇంజన్ల పుస్తకాల్లో ఈ మాటనే స్పష్టంగా చెబుతుంది: పడవను లాగేటప్పుడు ఎత్తి నిలిపే లివర్‌ను నమ్మవద్దు, ఇంజనును మామూలుగా నడిచే స్థితిలోనే, అంటే నిలువుగానే ఉంచండి, నేలకు తగులుతుందనుకుంటే అదనపు ఆధారం పెట్టి ఎత్తండి. సుజుకీ, మెర్క్యురీ పుస్తకాల్లోనూ సారాంశం ఇదే. పోటీ పడే మూడు కంపెనీలు ఒకే మాట చెబుతున్నాయంటే అది అమ్మకం కోసం చెప్పే మాట కాదు.

ఒక చిన్న లెక్క

నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, లెక్క వేసి చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు. మీరూ వేసి చూడండి. అర్థం కావడానికి గుండు అంకెలు తీసుకుందాం.

70 కిలోల ఇంజను నిలువుగా ఉన్నప్పుడు దాని బరువు కేంద్రం పలకకు 20 సెంటీమీటర్ల వెనుక ఉందనుకుందాం. పలకను వెనక్కి వంచే బలం 70 ఇంటూ 20, అంటే 1400. ఇప్పుడు ఇంజనును ఎత్తాం. బరువు కేంద్రం వెనక్కి జరిగి 40 సెంటీమీటర్ల దూరానికి పోయింది. బలం 2800 అయింది. ఇంజను అదే, బరువు అదే, పలక మీద ఒత్తిడి మాత్రం రెట్టింపు. ఇంకా ట్రాక్టర్ కదల్లేదు. దారిలో గోతిలో పడి అదురు వల్ల బలం ఒక్క క్షణం రెట్టింపు అయిందనుకోండి, 5600. నిలువుగా నిలబెట్టిన 280 కిలోల ఇంజనును ఆ పలకకు తగిలించినంత పని.

తూకం రాయిని చేతికి దగ్గరగా పట్టుకోవడానికీ, కర్ర చివర కట్టి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది. ఒక్క గోతికి పలక విరగకపోవచ్చు. కానీ ఫైబర్ బోట్లలో చాలావాటికి ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. మరల రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్ళు పడితే అందులోంచి ఉప్పునీరు లోపలికి పోతుంది. ప్లైవుడ్ నెమ్మదిగా కుళ్ళుతుంది. పైకి రంగు బాగానే ఉంటుంది. ఏడాది తరువాత సముద్రంలో పూర్తి వేగంతో పోతున్నప్పుడు పలక వదులైతే, "కెరటానికి పోయింది" అంటారు. కారణం రోడ్డు మీద మొదలైందని ఎవరికీ తోచదు.

మన తీరంలో మూడు రకాల లాగుడు, మూడు జవాబులు

విదేశీ పుస్తకాల్లో చెప్పే పడవ ట్రైలర్ వేరు. పడవ ఆకారానికి సరిపడా ఇనుప చట్రం ఉంటుంది, దాని తోక భాగం ఇంజను దాకా వస్తుంది. మన దగ్గర అలాంటివి తక్కువ. కాబట్టి పుస్తకంలోని మాటను మన పరిస్థితికి అన్వయించుకోవాలి.

మొదటిది, తాడు కట్టి ట్రాక్టర్‌తో ఇసుక మీద లాగడం. ఇక్కడ కింద చట్రమే లేదు, ఆధారం పెట్టడానికి చోటు లేదు. కనుక ఇంజను దించేయాలి. క్లాంపు మరలతో బిగించిన చిన్న ఇంజనును ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో దించగలరు. పొడవు తోక ఇంజన్లకు కూడా ఇదే మాట. లాగిన తరువాత మళ్ళీ బిగించుకోవచ్చు.

రెండవది, లారీ మీదో పొలం ట్రాలీ మీదో వేసుకుని పోవడం. పడవ పొడవు, ట్రాలీ పొట్టి. పడవ తోక ఇంజనుతో సహా ట్రాలీ బయటికి వేలాడుతుంది. ఇదే అన్నిటికంటే ప్రమాదం. తోక ఎంత బయటికి ఉంటే గోతిలో అది అంత ఎక్కువ పైకీ కిందికీ ఊగుతుంది. ఇక్కడా ఇంజను దించడమే సరి. దించిన ఇంజను ట్రాలీలోనో, విడిగా ఆటోలోనో రావాలి. 2018 ఆగస్టులో కేరళ వరదలకు అక్కడి మత్స్యకారులు వందల పడవల్ని లారీల మీద ఎక్కించి లోతట్టు ఊళ్ళకు పోయి వేలమందిని కాపాడారు. రేపు మన పడవలకూ అలాంటి పిలుపు రావచ్చు. పలక చీలిన పడవ అక్కడికి చేరినా ఎవర్నీ కాపాడలేదు.

మూడవది, పడవకు సరిపడే చక్రాల ట్రైలర్. పెద్ద ఇంజను, బోల్టులతో బిగించినది, దించడం కష్టం అనుకున్నప్పుడు దీన్నే వాడాలి. ఇందులో వరుస ఇలా ఉండాలి.

ముందు పడవను ట్రైలర్‌కు కట్టాలి. ముక్కు దగ్గర ఒక కట్టు, తోక దగ్గర రెండు పక్కలా రాచెట్ బెల్టులు. చాలామంది ముక్కు కట్టి వదిలేస్తారు. తోక కట్టకపోతే పడవ ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు మనం పెట్టే ఆధారం మేలు చేయకపోగా కిందనుంచి సుత్తిలా ఇంజనును కొడుతుంది, లేదా జారి పడిపోతుంది.

తరువాత ఇంజనును నిలువుగా దించి చూడాలి. నేలకూ కింది రెక్కకూ మధ్య చాలినంత ఖాళీ ఉంటే, దారిలో వచ్చే స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టు ఎత్తులు దాటగలదనుకుంటే, అలాగే నిలువుగా తీసుకెళ్ళడం మంచిది.

ఖాళీ చాలకపోతేనే ఎత్తాలి. కావలసినంత మాత్రమే ఎత్తాలి. ఎత్తిన ఇంజను కింది భాగానికీ ట్రైలర్ ఇనుప చట్రానికీ మధ్య ఒక గట్టి దండం నిలబెట్టాలి. దుకాణాల్లో దీన్ని ట్రాన్సమ్ సేవర్ అంటారు. ఒక చివర ఇంజను కింది భాగం కూర్చునేలా ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో రబ్బరు తొడుగుతో ఉంటుంది, రెండో చివర ట్రైలర్ చట్రానికి పిన్నుతో బిగుస్తుంది. అది దొరకకపోతే సరైన కొలతకు కోసిన రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు గట్టి చెక్కతో ఆధారం పెట్టుకోవచ్చు. మన ఊరి వెల్డింగ్ షాపులో ఇనుప పైపుతో చేయించుకున్నా పనికొస్తుంది. ఇంజను బరువులో కొంత పలక మీంచి ట్రైలర్ మీదికి దిగాలన్నదే దీని పరమార్థం. దండం పెట్టాక ఇంజనును దాని మీదికి కొద్దిగా దించి, రెండూ కదలకుండా బెల్టుతో కట్టాలి. హైడ్రాలిక్‌తో ఎత్తే ఇంజన్లకు కూడా దండం కావాలి, నూనె ఒత్తిడిని నమ్మి వదిలేయకూడదు.

చివరగా ఇంజను పక్కలకు తిరగకుండా స్టీరింగ్ పిడిని కట్టాలి. క్లాంపు మరలు మళ్ళీ బిగించాలి. ఇంజను నుంచి పడవలోని గట్టి కొక్కేనికి ఒక గొలుసు వేయాలి. కిలోమీటరు పోయాక ఒకసారి ఆపి, అన్ని కట్లూ చేత్తో పట్టి చూడాలి. కట్లు వదులయ్యేది మొదటి కిలోమీటరులోనే.

దించిన ఇంజను విషయంలో

ఇంజను దించమన్నాను కదా అని తీసి ట్రాలీలో పడేయకూడదు. వీలైనంతవరకు నిలువుగా, స్టాండు మీద నిలబెట్టి కట్టాలి. పడుకోబెట్టక తప్పకపోతే, పైన ఉండే ఇంజను తల ఎప్పుడూ కింది గేరు పెట్టె కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే గొట్టాల్లో మిగిలిన నీరు వెనక్కి పోయి సిలిండర్లలో చేరుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో నూనె కూడా ఉంటుంది గనుక వాటిని ఏ పక్కకు పడుకోబెట్టాలో పుస్తకంలో రాసి ఉంటుంది. వేరే పక్కకు పెడితే నూనె సిలిండర్లలోకి పోతుంది. ఇంధనం గొట్టం విప్పేయాలి, ట్యాంకు మూతమీది గాలి మర బిగించాలి.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. ఎత్తి ఉన్న ఇంజను కిందికి ఎవరూ వెళ్ళకూడదు, ఒక్క క్షణం కూడా. లాగుతున్న పడవలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. పడవ ఊరేగింపులా పోతుంటే పిల్లలకు సరదాయే. కానీ వెనుక మోటారు సైకిల్ మీద వచ్చేవాడి ముందు 70 కిలోల ఇనుము పడితే అది సరదా కాదు.

సూచన ఉంది, మన భాషలో లేదు

ఇంతవరకు చెప్పినది రహస్యమేమీ కాదు. ప్రతి ఇంజను పెట్టెలోనూ వచ్చే పుస్తకంలో ఉన్నదే. మరి మన వాళ్ళకు ఎందుకు తెలియదు?

పెంటకటలో, గోపాలపురంలో, ఆర్యపల్లిలో ఉన్న మత్స్యకారులు తరాలుగా తెలుగు మాట్లాడతారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా మాట వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు పుస్తకం పెట్టెతోపాటే అటకెక్కుతుంది. ఇంజను ఎలా ఎత్తాలో తోటివాణ్ణి చూసి నేర్చుకుంటారు. తోటివాడు తప్పు చేస్తుంటే ఊరంతా అదే తప్పు చేస్తుంది.

ప్రభుత్వ పథకాల్లోనూ ఇదే ఖాళీ కనిపిస్తుంది. 2020లో 20,050 కోట్ల అంచనాతో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాతవాటికి బదులు కొత్త పడవలు, వలలు ఇవ్వడానికి సాయం ఉంది. చాలా అంశాల్లో సాధారణ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. సముద్రంలో రక్షణ కోసం కిట్లకు కూడా సాయం ఉంది. మంచిదే. కానీ రక్షణ అన్న మాటకు అర్థం నీళ్ళ దగ్గరే ఆగిపోయింది. లక్షకు పైగా ఖర్చయ్యే ఇంజనుతో పాటు కొద్ది ఖర్చుతో అయ్యే ఇనుప దండం ఇవ్వాలని, ఒక పేజీ సూచన ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అడగవలసిన మనం కూడా అడగలేదు.

అడగడానికి మనకు ఆధారం ఉంది

మాతృభాషలో సూచన కావాలని అడగడం దయ కోరడం కాదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన ఫిర్యాదును ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చు. అంటే బరంపురంలోనో, పూరీలోనో మత్స్యశాఖ ఆఫీసుకు తెలుగులో అర్జీ పెట్టే హక్కు మనకు ఉంది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణ గురించి 1956లో కేంద్రం ఇచ్చిన మెమొరాండంలో, ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవారు 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించడం మంచిదని ఉంది. మన మత్స్యకార వాడల్లో ఆ శాతం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. యానాంలో అయితే పని ఇంకా తేలిక. పుదుచ్చేరి అధికార భాషల చట్టం 1965లోనే యానాంకు తెలుగు వాడుకునే వీలు కల్పించింది.

కంపెనీల వైపు కూడా ఒక దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా వాడే విధానం గురించి చాలినంత సూచన గానీ, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరిక గానీ లేని వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారు బాధ్యత వహించవలసి వస్తుంది. అయితే ఇందులో రెండో వైపు కూడా చదువుకోవాలి. వస్తువును తప్పుగా వాడి ఉంటే అమ్మినవాడి మీద దావా నిలవదని 87వ సెక్షన్ చెబుతుంది. పుస్తకంలో వద్దని రాసి ఉండగా లివర్ మీద ఇంజను వేలాడదీసి లాగితే, ఆ నష్టం మన నెత్తిమీదే పడుతుంది. అందుకే సూచన మన భాషలో ఉండడం ముఖ్యం. చదవలేని హెచ్చరిక కంపెనీని కాపాడుతుంది గానీ మనల్ని కాపాడదు.

ట్రాలీ విషయంలోనూ ఒక మాట. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే, రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. వ్యవసాయానికని ఇన్సూరెన్స్ చేసిన ట్రాక్టర్‌తో పడవ లాగి ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కుల్లో పడవచ్చు. ట్రాక్టర్ యజమాని దగ్గర పాలసీ కాగితం ముందే అడిగి చూసుకోండి. మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు. పేరు నమోదు కాని వాళ్ళు వెంటనే చేయించుకోవాలి.

సంఘాలు చేయగలిగిన మూడు పనులు

మొదటిది, ఒక పేజీ తెలుగు సూచన. బొమ్మలతో, పెద్ద అక్షరాలతో. "దించగలిగితే దించు, లేకపోతే నిలువుగా ఉంచు, తప్పకపోతే దండం పెట్టి ఎత్తు, లివర్‌ను నమ్మకు." ఈ నాలుగు ముక్కలు చాలు. పడవల రేవులో, ఇంజను మెకానిక్ షాపులో, గుడి గోడ మీద అంటించాలి. మంగళూరు, మల్పె హార్బర్లలో కూలికి పోయే మన కుర్రాళ్ళకు ఫోన్‌లో పంపాలి.

రెండవది, ఊరికి కొన్ని దండాలు. ప్రతి పడవకూ ఒకటి కొనే స్తోమత లేకపోవచ్చు. అందరూ ఒకే రోజు లాగరు కదా. వెల్డింగ్ షాపులో నాలుగో అయిదో చేయించి, బెల్టులతో సహా సంఘం దగ్గర ఉంచితే, పెళ్ళికి వంటపాత్రలు అరువు తీసుకున్నట్టు తీసుకెళ్ళి తిరిగి ఇస్తారు. తుఫాను రోజున అందరికీ ఒకేసారి కావాలి, నిజమే. ఆ రోజు చిన్న ఇంజన్లన్నీ దించేయాలి, దండాలు పెద్ద ఇంజన్లకు ఉంచాలి.

మూడవది, అర్జీ. పడవకో ఇంజనుకో సబ్సిడీ ఇచ్చే ప్రతిచోటా ఆధార దండం కూడా కలపాలని, వాడే విధానం లబ్ధిదారు చదవగలిగే భాషలో ఇవ్వాలని మత్స్యశాఖకు రాయాలి. ఒక నకలు భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు పంపాలి. అర్జీ ఇచ్చిన రోజే రసీదు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. రసీదు లేని అర్జీకి ఆఫీసులో ఫైలు పుట్టదు. ఇది నా ఉద్యోగంలో రోజూ చూసిన సంగతి.

వేట నిషేధం 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో వెనుక పలకను ఒకసారి తట్టి చూడండి. గట్టి చోట ఖంగుమని, కుళ్ళిన చోట బోలుగా మోగుతుంది. మరల చుట్టూ పగుళ్ళు ఉంటే అక్టోబర్ రాకముందే బాగు చేయించండి.